ఐసీయూ తలుపు దగ్గర జవాబు ఎవరు చెప్పాలి? ఉద్దానం ఇళ్లలో ముందే జరగాల్సిన మాట

రాత్రి పదకొండు దాటింది. పలాసలో బయలుదేరిన అంబులెన్స్ జాతీయ రహదారి ఎక్కి టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం దాటుకుంటూ విశాఖ చేరేసరికి తెల్లవారుజాము మూడో నాలుగో అయింది. దాదాపు 200 కిలోమీటర్ల దారి. లోపల ఉన్నది ఐదేళ్లుగా డయాలసిస్ మీద ఉన్న పెద్దాయన. ఐసీయూ తలుపు తీసి డాక్టర్ బయటికొచ్చారు.

"వెంటిలేటర్ పెట్టాలి. సంతకం ఎవరు పెడతారు?"

"సార్, పెడితే అబ్బాకి నయమవుతుందా?"

"చెప్పలేం. పెట్టకపోతే కష్టం. త్వరగా చెప్పండి."

చిన్న కొడుకు పలాసలో ఆటో నడుపుకుంటాడు. దమ్మాంలో ఉన్న అన్నకి ఫోన్ చేశాడు. "ఎంతైనా పర్లేదు, పెట్టించు" అన్నాడు భాయ్. విజయనగరంలో ఉన్న అక్క ఫోన్లో ఏడుస్తోంది. జీడిపప్పు బట్టీ యజమాని దగ్గర తెచ్చిన అప్పు ఇప్పటికే సగం అయిపోయింది. అమ్మీ ఓ మూల తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుంది. ఆవిడని ఎవరూ అడగలేదు. ఐదేళ్లు వారానికి రెండు మూడుసార్లు ఆ మెషిన్ పక్కన పడుకుని లేచిన అబ్బానీ ఎవరూ ఎప్పుడూ అడగలేదు, "నీకేం కావాలి" అని.

ఇది ఫలానా ఇంట్లో జరిగిందని చెప్పడం లేదు, ఊహించి రాసిందే. కానీ కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ రోగి ఉన్న ఏ ఇంటి వాళ్లయినా దీన్ని చదివి "మా ఇంట్లో కూడా ఇంతే" అనుకుంటే ఆశ్చర్యం లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాసినంత ఇంకే జబ్బు గురించీ శ్రీకాకుళం జిల్లాలో రాసి ఉండరు. నీళ్ల గురించి రాశారు, కారణాల గురించి రాశారు. ఎండలో పని, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, భూగర్భ జలాల్లో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అనుమానాలు చాలా ఉన్నాయి, ఇదీ కారణం అని ఒక్కదాన్ని తేల్చి చెప్పినవాళ్లు లేరు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చాక రాష్ట్రమంతా ఇటు చూసింది. డయాలసిస్ రోగులకు పెన్షన్ మొదలై, పెరిగి, 2019 తర్వాత నెలకు 10,000 రూపాయలయింది. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే సుజలధార పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. పలాస, టెక్కలి, సోంపేట, కవిటి, హరిపురంలలో డయాలసిస్ కేంద్రాలున్నాయి. ఇరవై ఏళ్ల కిందట విశాఖకో బరంపురానికో పరిగెత్తినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అయినా ఇదంతా బతికించడానికి చేసిన ఏర్పాటు. చివరి రోజుల గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. ఆసుపత్రిలో లేదు, పథకాల్లో లేదు, మన ఇళ్లలో అసలే లేదు.

ఈ జబ్బుకి ఒక లక్షణం ఉంది. మొదట్లో చప్పుడు చేయదు, క్రియాటినిన్ పరీక్ష చేయించేదాకా చాలామందికి తెలియనే తెలియదు. కానీ తెలిశాక మాత్రం టైమ్ ఇస్తుంది. రోడ్డు ప్రమాదం టైమ్ ఇవ్వదు, గుండెపోటు ఇవ్వదు. కిడ్నీ జబ్బు కొందరికి నెలలు, చాలామందికి ఏళ్లు ఇస్తుంది. ఒక్కో డయాలసిస్ నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. అన్ని గంటల్లో కొడుకు పెళ్లి గురించి మాట్లాడుకుంటాం, తోట గురించి మాట్లాడుకుంటాం, జీడిపిక్కల రేటు గురించి మాట్లాడుకుంటాం. "పరిస్థితి చెయ్యి దాటితే ఏం చెయ్యమంటావు అబ్బా?" అన్న ప్రశ్న మాత్రం రాదు. అడిగితే అపశకునమని భయం, ఆయన చావు కోరుకుంటున్నామని అనుకుంటాడేమోనని ఇంకా భయం.

అలా అడగకుండా ఉండిపోతే నిర్ణయం ఆగుతుందా? ఆగదు. వేరేవాళ్లు తీసుకుంటారు. ఎక్కువగా డబ్బు తీసుకుంటుంది. మన వైపు ఆసుపత్రుల వరండాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి." లేదా ఐసీయూ బిల్లు కట్టలేక కుటుంబమే అంటుంది: "మేం తీసుకెళ్లిపోతాం సార్." డాక్టర్ సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాం అని ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. చేత్తో నొక్కే గాలి సంచితో అంబులెన్స్‌లో ఊరికి తెస్తారు. నొప్పికి మందు ఉండదు, ఆయాసానికి మందు ఉండదు, చూసే నర్సు ఉండదు. కాగితాల మీద అది "రోగి వెళ్లిపోయాడు". అసలు జరిగింది మాత్రం వైద్యం ఆపేయడమే. అది రోగి కోరిక ప్రకారం జరగలేదు, మెడికల్ బోర్డు చెబితే జరగలేదు, ముఫ్తీని అడిగి జరగలేదు. పర్సు ఖాళీ అయింది కాబట్టి జరిగింది. తర్వాత ఆ చిన్న కొడుకు ఇరవై ఏళ్లు తనని తాను తిట్టుకుంటాడు, "నేనే అబ్బాని తెచ్చేశాను" అని.

కాబట్టి "వైద్యం ఆపడం గురించి మాట్లాడటమే తప్పు" అనేవాళ్లకి మొదటి జవాబు ఇది: ఆపడం ఇప్పటికే జరుగుతోంది. రోగి నోరు తెరవగలిగినప్పుడు అడిగి రాసుకోవడం మాత్రమే జరగడం లేదు. అలా రాసుకునే కాగితాన్నే అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అంటారు. లివింగ్ విల్ అని కూడా పిలుస్తున్నారు.

దీని వెనక మన తెలుగువాళ్ల కథ ఒకటుంది. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే 25 ఏళ్ల యువకుడు ఆసుపత్రిలో ఉన్నాడు. కండరాలు క్షీణించిపోయే జబ్బు, మంచి చెస్ ఆటగాడు. తన అవయవాలు పాడైపోకముందే ఇంకొకరికి పనికిరావాలని, అందుకోసం లైఫ్ సపోర్ట్ తీసేయాలని కోరుకున్నాడు. కొడుకు కోరిక తీర్చమని తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లింది. చట్టంలో దారి లేదని కోర్టు ఒప్పుకోలేదు. ఆ నెల 17న అతను చనిపోయాడు. ఆ కథ మీదే 2022లో 'సలామ్ వెంకీ' హిందీ సినిమా వచ్చింది. అవయవాల కోసం బతికున్న మనిషి మెషిన్ తీయడం అనేది వేరే పెద్ద ప్రశ్న, ఈ రోజుకీ దానికి అనుమతి లేదు. కానీ రోగి కోరిక స్పష్టంగా తెలిసినా వినే యంత్రాంగమే ఈ దేశంలో లేదన్న సంగతి ఆ వారం రోజుల్లో తెలుగు జనానికి బాగా తెలిసింది.

2005లో కామన్ కాజ్ అనే సంస్థ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసు వచ్చింది. ముంబైలోని కేఈఎం ఆసుపత్రి నర్సు ఆమె, 1973లో జరిగిన దాడి తర్వాత 2015లో కన్నుమూసేదాకా మంచం మీదే ఉండిపోయింది. ఆ కేసులో కోర్టు ఆమె విషయంలో ఒప్పుకోకపోయినా, హైకోర్టు అనుమతితో వైద్యం ఆపే దారి మొదటిసారి తెరిచింది. చివరికి 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది: గౌరవంగా చనిపోవడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే, మనిషి తన వైద్యం గురించి ముందే రాసి పెట్టుకోవచ్చు. అయితే ఆ రోజు పెట్టిన షరతులు ఎంత గట్టివంటే, జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ముందు సంతకం, మేజిస్ట్రేట్ స్వయంగా ఆసుపత్రికి రావడం... ఎవరూ ఆ దారిన పోలేకపోయారు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం వాటిని సడలించింది. ఇప్పుడున్నది ఈ సడలించిన పద్ధతే.

పద్ధతి ఇదీ. పద్దెనిమిదేళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్నవాళ్లు ఎవరైనా రాయొచ్చు. జబ్బు ఉండాలని లేదు. ఎవరి బలవంతమూ ఉండకూడదు. ఏ పరిస్థితిలో ఏ వైద్యం వద్దో, ఏది ఆపాలో స్పష్టంగా రాయాలి. తాను మాట్లాడలేనప్పుడు తన తరఫున మాట్లాడే సంరక్షకుల పేర్లు రాయాలి, ఒకరికంటే ఎక్కువమంది పేర్లు పెట్టొచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, ఆ ఇద్దరూ ఆస్తితో సంబంధం లేని బయటివాళ్లయితే మంచిది. తర్వాత నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరణ. పలాసలో, టెక్కలిలో కోర్టుల దగ్గర నోటరీలు ఉంటారు. తహసీల్దార్ కూడా గెజిటెడ్ అధికారే. మేజిస్ట్రేట్ దగ్గరికి పోనక్కర్లేదు. ఒక కాపీ సంరక్షకులకి, ఒకటి ఫ్యామిలీ డాక్టర్‌కి, ఒకటి స్థానిక సంస్థలో, అంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీలో, దీన్ని భద్రపరచడానికి నియమించిన అధికారికి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, కొత్తది రాసుకోవచ్చు.

కాగితం చూపించగానే మెషిన్ ఆపేస్తారని చాలామంది భయం. అలా కాదు. రోగి కోలుకునే ఆశ లేదని, తాను నిర్ణయం చెప్పగల స్థితిలో లేడని తేలితేనే కాగితం బయటికొస్తుంది. అది అసలైనదేనా అని చూసుకోవాలి. ఆసుపత్రి మొదటి బోర్డు వేస్తుంది: చూస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు. వీళ్లు ఒప్పుకుంటే రెండో బోర్డు: జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన ఒక డాక్టర్, ఇంకో ఇద్దరు నిపుణులు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రెండు బోర్డులూ సరే అన్నాక, కాగితంలో పేరున్న సంరక్షకులు కూడా ఒప్పుకోవాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టుకి వెళ్లొచ్చు. కాగితమే రాయని రోగి విషయంలో కూడా దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతి. ఆస్తి కోసం కొడుకులు నాన్నని పంపేస్తారేమో అన్నవాళ్లు ఈ మెట్లన్నీ ఒకసారి లెక్కపెట్టుకోవాలి. ఏ కాగితం లేని "ఇంటికి తీసుకెళ్లిపోతాం" దారిలో ఇందులో ఒక్క మెట్టూ లేదు.

ఇంకో సంగతి. స్పృహలో ఉండి మాట్లాడగలిగే రోగికి ఈ కాగితంతో పని లేదు. ఆయన నోటిమాటే చెల్లుతుంది. ఈ కాగితం ఆయన నోరు మూతబడ్డాక పనిచేసేది. మానసిక ఆరోగ్య చట్టం 2017లోనూ ముందస్తు సూచన పత్రం అని ఒకటుంది, అది వేరు, రెండూ కలిపేయొద్దు.

ఇక మన ఇళ్లలో అసలు ప్రశ్న. షరీఅత్ ఏమంటుంది?

మొదట గీత ఎక్కడుందో చూడాలి. మనిషిని ఇంజెక్షన్ ఇచ్చి చంపడం, అది దయతో అయినా సరే, హరామ్. ఇందులో ఉలమాకి భేదాభిప్రాయం లేదు. మన దేశ చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. సుప్రీంకోర్టు తీర్పు కూడా దాని గురించి కాదు. కష్టమొచ్చిందని చావు కోరుకోవద్దని ప్రవక్త ముహమ్మద్ (స) నేర్పారు. మరీ తట్టుకోలేకపోతే, బతుకు మేలైనంత కాలం బతికించమని, చావు మేలైనప్పుడు తీసుకెళ్లమని అల్లాహ్‌నే అడగమన్నారు. అంటే నిర్ణయం ఆయనకే వదిలేయాలి.

రెండోది వైద్యం చేయించుకోవడం. చేయించుకోమని ప్రవక్త (స) చెప్పారు, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ మందు ఉందన్నారు. అదే సమయంలో, మూర్ఛతో బాధపడుతూ దుఆ చేయమని వచ్చిన స్త్రీకి రెండు దారులు చూపించారు: ఓర్చుకుంటే జన్నత్, కావాలంటే నయమయ్యేలా దుఆ. ఆమె ఓర్పునే ఎంచుకుంది, పడిపోయినప్పుడు ఒళ్లు బయటపడకుండా మాత్రం దుఆ చేయమంది. ఈ హదీసు ఆధారంగానే, వైద్యం అన్ని వేళలా ఫర్జ్ కాదని పెద్దలు చెబుతూ వచ్చారు. తప్పకుండా బతికించే వైద్యాన్ని వదిలేయడం తప్పని, ఫలితం మీద ఆశ లేనప్పుడు తప్పనిసరి కాదని చాలామంది విడదీసి చెప్పారు.

మూడోది మెషిన్. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో దీని మీద తీర్మానం చేసింది. మెదడు పనిచేయడం పూర్తిగా ఆగిపోయిందని, ఇక తిరిగి రాదని నిపుణులు తేలిస్తే, మెషిన్ వల్ల గుండె కొట్టుకుంటున్నా లైఫ్ సపోర్ట్ తీసేయొచ్చంది. 1992లో జెద్దాలో అదే అకాడమీ, స్పృహలో ఉన్న వయోజన రోగి అనుమతి లేనిదే వైద్యం చేయకూడదని చెప్పింది. రోగి మాటకి విలువ ఇవ్వడం పాశ్చాత్యుల ఆలోచన అని కొట్టిపారేసేవాళ్లు ఈ తీర్మానం చూడాలి.

ఇవన్నీ చెప్పాక కూడా, మెదడు పూర్తిగా చనిపోని రోగి విషయంలో ఎంత దూరం వెళ్లొచ్చన్న దాని మీద ఉలమాలో తేడాలు ఉన్నాయి. తిండి, నీళ్లు ఆపకూడదని చాలామంది గట్టిగా అంటారు. డయాలసిస్ ఇంకా పనిచేస్తున్న మనిషి, నడిచి వచ్చి నడిచి వెళ్లే మనిషి, "విసుగొచ్చింది, ఆపేస్తాను" అంటే అది వెంటిలేటర్ ప్రశ్నలాంటిది కాదు. దాన్ని కాగితంతో తేల్చేయకూడదు. మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌ని, మీ కిడ్నీ డాక్టర్‌ని ఇద్దరినీ కలిపి అడగండి. జబ్బు వివరం తెలియకుండా ఫత్వా అడిగితే జవాబు సగమే వస్తుంది. డాక్టర్ రాసిన చీటీ పట్టుకెళ్లి చూపించండి.

శ్రీకాకుళం జిల్లాలో మనం చాలా కొద్దిమందిమి. విశాఖలోనో బరంపురంలోనో పెద్ద ఆసుపత్రి ఐసీయూలో డ్యూటీలో ఉన్నవాళ్లకి మన పద్ధతులు తెలియాలని లేదు, వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. మనమే రాసివ్వాలి. చివరి ఘడియల్లో ఒకరిని పక్కన ఉండనివ్వమని, కలిమా వినిపించడానికి. మంచం తిప్పగలిగితే ముఖం ఖిబ్లా వైపు. ఆడవాళ్లకి వీలైనంత వరకు ఆడ నర్సు. నొప్పికి మందు ఇవ్వమని, అది ఆపొద్దని. చనిపోయాక ఆలస్యం లేకుండా మయ్యత్ అప్పగించమని, గుస్ల్ మనవాళ్లే చేస్తారని. అవయవదానం మీద ఉలమా అభిప్రాయాలు ఒకటిగా లేవు. మీ నిర్ణయం ఏదైనా అదీ రాయండి, లేకపోతే ఆ ప్రశ్న కూడా ఐసీయూ తలుపు దగ్గర చిన్న కొడుకు నెత్తిమీదే పడుతుంది. కోర్టు లెక్కలో వీటిలో చాలా భాగం డైరెక్టివ్ కిందికి రాకపోవచ్చు. కానీ అదే కాగితానికి వెనక పేజీగా జతచేస్తే చదివే నర్సు చదువుతుంది.

ఆస్తి వసియ్యత్ వేరు, ఇది వేరు. మూడో వంతు నియమం, వారసుల లెక్క దీనికి వర్తించవు. రెండూ ఒకే కాగితంలో రాస్తే గొడవే. ఆస్తి గురించి చెప్పాల్సినది ఉన్నవాడు వసియ్యత్ రాయకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు ఉంది, మనలో ఎంతమందిమి పాటిస్తున్నాం? అప్పులు, బాకీ మహర్, తప్పిపోయిన రోజాల ఫిద్యా విడిగా ఆ వసియ్యత్‌లో రాసుకోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి రోజాల బాకీ బోలెడుంటుంది.

సంరక్షకుడిగా ఎవరి పేరు పెట్టాలి? మన ఇళ్లలో అనగానే పెద్ద కొడుకు పేరు వస్తుంది. పెద్ద కొడుకు దమ్మాంలోనో దోహాలోనో ఉంటాడు. దూరంగా ఉన్నవాడికి గుండె బరువు ఎక్కువ, అబ్బా పక్కన లేనన్న బాధ డబ్బుతో తీర్చుకోవాలని చూస్తాడు. "అన్నీ పెట్టించు" అంటాడు. అతని ప్రేమని అనుమానించక్కర్లేదు, కానీ అబ్బా మొహం చూసి రెండేళ్లయింది. పక్కన ఉండి చూసినవాళ్లు కనీసం ఒకరు ఉండాలి. నా మాట అడిగితే మొదటి పేరు భార్యది అంటాను. మంచం పక్కన కూర్చున్నది ఆవిడే, ఆయన రాత్రిళ్లు ఏమన్నాడో తెలిసింది ఆవిడకే. అలాగే అమ్మీ రోగి అయితే అమ్మీని అడగాలి. కొడుకులంతా చుట్టూ చేరి ఆవిడ కోసం నిర్ణయించేస్తారు, "అమ్మీకేం తెలుసు" అంటారు. క్రియాటినిన్ ఎంతో, పొటాషియం ఎంతో నోటిలెక్కగా చెప్పే ఆడవాళ్లు ఉద్దానంలో ఎందరో ఉన్నారు.

ఇంకో పేరు ఊళ్లోనే ఉండేవాళ్లది కావాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లు రోడ్ల మీద పడి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున దమ్మాం నుంచి వచ్చే జవాబు కోసం ఎవరు కాచుకుంటారు?

ప్రభుత్వం వైపు కూడా ఒక మాట. డైరెక్టివ్ రాయమని జనానికి చెప్పడం తేలిక. దాన్ని దాచే మనిషి ఉండాలి కదా. మహారాష్ట్రలో డాక్టర్ నిఖిల్ దాతార్ బొంబాయి హైకోర్టుకి వెళ్లాక స్థానిక సంస్థల్లో కస్టోడియన్లను నియమించారు. గోవాలో 2024 మేలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎస్. సోనక్ తన లివింగ్ విల్ తానే రిజిస్టర్ చేయించుకుని మొదటివారయ్యారు. కేరళలో కొల్లం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అదే ఏడాది ప్రజలకు దీని గురించి చెప్పడానికి ఒక కౌంటర్ పెట్టారు. కర్ణాటక 2025 జనవరి చివర్లో సర్క్యులర్ ఇచ్చింది, బోర్డులకు డాక్టర్లని ఎలా పంపాలో చెప్పింది. కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేస్తే, డాక్టర్లని కేసుల్లోకి లాగుతారని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది. డాక్టర్ల భయం కూడా ఉత్తిది కాదు.

ఆంధ్రప్రదేశ్‌కి ఇందులో ఒక సౌకర్యం ఉంది, ఉద్దానానికి మరీ ఎక్కువ. డయాలసిస్ పెన్షన్ వల్ల ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో సచివాలయానికి తెలుసు. పెన్షన్ ఇవ్వడానికి ప్రతి నెలా ఇంటికే మనిషి వస్తాడు. పంచాయతీ కార్యదర్శికి ఒక రిజిస్టర్, పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీలో ఒక అధికారి, పలాస కిడ్నీ ఆసుపత్రిలోనూ టెక్కలి ఆసుపత్రిలోనూ నెలకో రోజు ఈ విషయం చెప్పే కౌన్సిలర్, బోర్డులకు జిల్లా నుంచి డాక్టర్ల జాబితా. పెద్ద ఖర్చు కాదు. దానికంటే ముఖ్యం, చివరి రోజుల్లో నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ వైద్యం ఇంటిదాకా రావాలి. కేరళ ఊళ్లలో అది ఎప్పటినుంచో ఉంది. అది లేకుండా "వెంటిలేటర్ వద్దు" అని రాయించుకుంటే పేదవాడిని గాలికి వదిలేసినట్టే అవుతుంది. బస్సు లేక, మెషిన్ ఖాళీ లేక, అప్పు పుట్టక డయాలసిస్ మానేసిన మనిషి దాన్ని "ఎంచుకున్నాడు" అని ఏ కాగితం మీదా రాయకూడదు. మొదటి హక్కు వైద్యం. వద్దనే హక్కు దాని తర్వాతే వస్తుంది.

జుమ్మా ఖుత్బాలో ఇమామ్ సాబ్‌లు ఒక్కసారి ఈ విషయం ఎత్తినా సగం భయం పోతుంది. వరకట్నం మీద చెప్పారు, వడ్డీ మీద చెప్పారు. దీని మీద చెప్పడానికీ మన పుస్తకాల్లోనే బోలెడంత ఉంది.

మాట మొదలుపెట్టడం ఎలా అని అడిగేవాళ్లకి: చావు పేరుతో మొదలుపెట్టొద్దు. "అబ్బా, నువ్వు మాట్లాడలేని పరిస్థితి వస్తే డాక్టర్లు నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలో నువ్వే చెప్పు" అనండి. డయాలసిస్ అయ్యాక కాదు, అప్పుడు అలిసిపోయి ఉంటారు. మధ్యలో వచ్చే ఖాళీ రోజున, అసర్ తర్వాత, టీ తాగుతూ. ఒకే రోజు తేలకపోతే వచ్చే వారం. మొదటిసారి "ఏటి సెప్తావురా, పోరా" అంటారు. రెండోసారి "మీ అమ్మీని అడుగు" అంటారు. మూడోసారి తనే మొదలుపెడతారు. అప్పుడు రాసుకోండి, చదివి వినిపించండి, అమ్మీని కూడా కూర్చోబెట్టుకుని. వేలిముద్ర వేసేవాళ్లయితే నోటరీ ముందు కూడా ఇంకోసారి చదివి వినిపించమనండి.

నోటరీ అయ్యాక ఐదు జిరాక్స్‌లు తీయండి. ఒకటి డయాలసిస్ ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి, అంబులెన్స్ ఎక్కేటప్పుడు అందరూ పట్టుకునేది ఆ ఫైలే. ఒకటి డాక్టర్‌కి. ఒకటి పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాపీ ఇంట్లో రేషన్ కార్డు పక్కన. ఐదోది సాక్షుల్లో ఒకరి దగ్గర. ఫొటో తీసి దమ్మాంలో ఉన్న భాయ్‌కి వాట్సాప్ చేయండి. ఆయన ఫోన్ చేసి గొడవపడతాడు. అప్పుడు ఫోన్ అబ్బాకి ఇచ్చేయండి, ఇంకా మాట్లాడగలుగుతున్నారు కదా.